కోటింగ్ పిస్టన్ వేయించే ముందు లేత్ షాపులో చూసుకోవాల్సినవి

విజయవాడ ఆటోనగర్‌లో హాఫ్ ఇంజిన్ (పిస్టన్, రింగులు, బోరు వంటి పైభాగం) పనికి బండి పెడితే రెండు సలహాలు తప్పకుండా వస్తాయి. ఒకటి, కోటింగ్ ఉన్న పిస్టన్ కిట్ వేయించమని. రెండోది, ఫలానా సీసా ఆయిల్లో పోస్తే లోపలంతా కోటింగ్ పట్టేస్తుందని. మొదటిది వినాల్సిన మాటే. రెండోది డబ్బు దండగ.

పిస్టన్ బోరు (సిలిండర్ లోపలి గొట్టం) మధ్యలో వేగంగా పోయేటప్పుడు దాని రింగుకూ బోరుకూ నడుమ ఆయిల్ పొర నిండుగా ఉంటుంది, లోహం లోహాన్ని తాకదు. అక్కడ కోటింగుకు పనే లేదు. పిస్టన్ పైకొసకు చేరి వెనక్కి తిరిగే చోట ఆ పొర పలచబడి తెగుతుంది. క్యామ్, వాల్వును తెరిచే టాపెట్‌ను నొక్కే చోటా, పొద్దున స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో స్కర్టు (పిస్టన్ కింది పక్కభాగం) దగ్గరా అంతే. అందుకే కంపెనీలు రింగుల ముఖానికి క్రోమియం నైట్రైడ్, టాపెట్లకు డీఎల్‌సీ అనే గట్టి కార్బన్ పొర, స్కర్టుకు గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నల్లటి రెసిన్ పూత వేస్తాయి. డీఎల్‌సీ మందం మామూలుగా 1 నుంచి 3 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). కాబట్టి వాల్వ్ క్లియరెన్స్ (క్యామ్‌కూ టాపెట్‌కూ నడుమ ఖాళీ) కోసం ఆ టాపెట్‌ను గ్రైండర్ మీద పెట్టారంటే పూత పోయినట్టే. సైజు మార్చి వేరే టాపెట్ వేయాలి.

స్కర్టు పూత 10 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది. గొడవంతా దాని కొలత దగ్గరే. పూత 15 మైక్రాన్లనుకుందాం. రెండు వైపులా కలిపితే 0.03 మి.మీ. మాన్యువల్‌లో పిస్టన్‌కూ బోరుకూ నడుమ క్లియరెన్స్ 0.05 అని ఉంటే, అది పూత లేని లోహానికి చెప్పిన లెక్క అయితే, మైక్రోమీటర్ పూత మీద పెట్టి కొలిచిన షాపులో బోరు 0.03 ఎక్కువ కోస్తారు. పూత అరిగాక మిగిలేది 0.08. చల్లని ఇంజిన్లో టకటకమనే పిస్టన్ శబ్దం అక్కడినుంచే. కొన్ని కంపెనీలు పూతతో కలిపే లెక్క ఇస్తాయి, కొన్ని కొలవడానికి పూత లేని చిన్న గుండ్రటి చోటు వదులుతాయి. కిట్ డబ్బాలోని కాగితం చదవకుండా బోరు కొట్టించొద్దు.

బోరు అద్దంలా మెరవాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మెరిస్తే ఆయిల్ నిలవదు. హోనింగ్ (సానరాళ్లతో బోరు గీరడం) గీతలు ఒకదాన్నొకటి సుమారు 45 డిగ్రీల్లో కోసుకోవాలి. హోనింగ్ తర్వాత డీజిల్‌తో కడిగి వదిలేయడం మన దగ్గర మామూలు. డీజిల్‌కు రాయిపొడి పూర్తిగా పోదు. వేడినీళ్లు, సబ్బుపొడి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, ఆయిల్ తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు బూడిదరంగు అంటితే మళ్లీ కడగాల్సిందే. లేకపోతే ఆ పొడే కొత్త పూతను గీరేస్తుంది. రింగు గ్యాపు (బోరులో పెట్టిన రింగు రెండు కొసల నడుమ ఖాళీ) ఫీలర్ గేజితో చూడండి. మాన్యువల్ దొరక్కపోతే 80 మి.మీ. బోరుకు పై రింగు గ్యాపు 0.32 మి.మీ. దగ్గర ఉంటే సరి. క్రోమ్ పూత ఉన్న బోరులో క్రోమ్ రింగు వేయకూడదు, రెండూ కలిసి గీతలు పడతాయి. కేటీఎం డ్యూక్ 390 లాంటి నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత) బోర్లకు ఓవర్‌సైజు (బోరు పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేయడం) ఆలోచనే వద్దు. పూత లేచిందంటే సిలిండర్ మార్చడమో, మళ్లీ ప్లేటింగ్ చేయించడమో.

పని అయ్యాక గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో పెట్టొద్దు. గుంటూరు మిర్చి యార్డు క్యూలో ఇంజిన్ ఆపకుండా నిలబడే లారీలకు రింగులు కుదురుకోక బోరు నునుపెక్కి, లారీ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. తొలి 500 కి.మీ. మామూలు మినరల్ ఆయిల్‌తో, వేగం మారుస్తూ, కొంచెం లోడు మీద నడిపి ఆయిల్, ఫిల్టర్ మార్చేయాలి.

ఇక ఆ సీసా సంగతి. కొన్నిటిలో ఉండేది పీటీఎఫ్‌ఈ (నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే టెఫ్లాన్) పొడి. అది కరిగేదే 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. లోహానికి పట్టాలంటే నూనె జిడ్డు లేకుండా శుభ్రం చేసి, ఉపరితలం గరుకు చేసి, అంతకన్నా ఎక్కువ వేడిలో కాల్చాలి. ఆయిల్‌లో మునిగి నడిచే ఇంజిన్లో ఆ వేడీ రాదు, ఆ శుభ్రతా ఉండదు. పొడి ఫిల్టర్లో చేరే ప్రమాదం మాత్రం ఉంది. మాలిబ్డినం సీసాలతో ఇంకో చిక్కు: కొన్ని రకాల డీఎల్‌సీ పూతను అవే తొందరగా అరగదీస్తాయి. బైకులో అయితే క్లచ్ కూడా అదే ఆయిల్లో తడుస్తుంది కాబట్టి జారొచ్చు. ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 ఉన్నది గేర్ల బైకుకు, ఎంబీ ఉన్నది స్కూటర్‌కు.