కట్టకంటే ముందు కాలువ: బొగ్గు గని యార్డులో మట్టిపని

బొగ్గు గని ఉపరితలంపై ఏ కట్టడం తలపెట్టినా మేము ముందుగా ఖాయం చేసే లెవెల్ రైలు సైడింగుది, అంటే బొగ్గు నింపుకోవడానికి గని దాకా వేసే పక్క పట్టాలది. బంకరు (బొగ్గు నింపి ఉంచే తొట్టి), కాటా (లారీలను తూచేది), వర్క్‌షాపు, బొగ్గు నిల్వ చేసే యార్డు, డంపర్లు తిరిగే రోడ్డు, అన్నీ దాన్ని పట్టుకునే నడవాలి. ఎందుకంటే ఇంత ఎత్తుపల్లాల నేలలో పట్టాలు ఒక్కటే ఎవరి మాటా వినవు. సైడింగు వాలు 400కు 1, అంటే 400 మీటర్లకు ఒక మీటరు దిగుడు, దాటకూడదు, వీలైతే 1200కు 1 దగ్గర ఉంచడం మంచిది. 58 వ్యాగన్ల గూడ్సు రైలు (రేకు) నిలబడాలంటే ఆరు వందల మీటర్లకు పైగా పట్టా కావాలి. 400కు 1 చొప్పున చూసినా ఆ 600 మీటర్లలో మనకు దక్కే దిగుడు మీటరున్నర మాత్రమే. అదే గని నుంచి పైకి వచ్చే డంపర్ రోడ్డుకు 16కు 1 వరకు వాలు ఇవ్వవచ్చు, ర్యాంపు దగ్గర కొద్ది దూరం 10కి 1 కూడా చెల్లుతుంది. ఒకే స్థలంలో ఇంత తేడా గల వాలులు కలిసేచోట మిగిలే ఎత్తు తేడా అంతా మట్టికట్టల మీదనే పడుతుంది. అందుకే ఉపరితల పనుల్లో కట్ట వాలు చిన్న విషయం కాదు.

మా గోదావరి లోయ బొగ్గు క్షేత్రంలో ఈ పనికి ఇంకొక చిక్కు నల్లరేగడి. వేసవిలో అరచేయి దూరేంత నెర్రెలు విచ్చి, తొలకరికి ఉబ్బి, పైన వేసిన కాంక్రీటును సైతం లేపే నేల అది. దాన్ని వీలైనంత తవ్వి తీసేసి, గట్టి మొరంతో నింపడమే మేలైన పద్ధతి. అంత లోతు తీయడం కుదరనప్పుడు, ఉబ్బని బంకమట్టిని సుమారు మీటరు మందాన పరిచి అణచాలి. ఐఐటీ బొంబాయిలో ఆచార్యులు ఆర్.కె. కట్టి చేసిన పరిశోధనల నుంచి వచ్చిన పద్ధతి ఇది, కాలువ లైనింగులలో మన ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్నదే. ఓపెన్ కాస్టు (పైనుంచి తవ్వే గని) నుంచి వచ్చే మట్టి ఉచితంగా దొరుకుతోంది కదా అని దాన్నే తెచ్చి పోసేవారు ఉంటారు. అందులో షేలు (పలకల్లా విడిపోయే మెత్తని రాయి) ముక్కలు ఉంటే అవి గాలికీ నీటికీ కొద్ది నెలల్లోనే పిండవుతాయి. రోలరు కింద రాయిలా కనిపించిన పొర వాన వెలిసేసరికి బురద అవుతుంది. ఉచితం అన్న మాట నాకు అందుకే రుచించదు.

నా అనుభవంలో ఒక కాటాకు వెళ్లే కట్ట విషయం చెప్పాలి. ఆరు మీటర్ల ఎత్తు, 1 నిలువుకు 1.5 అడ్డం వాలు, అంటే సుమారు 34 డిగ్రీలు. గని మట్టి కుప్పలకు నిబంధనలు అనుమతించే మొత్తం వాలు కూడా ఇంతే. కానీ రోజంతా లారీలు ఎక్కి దిగే కట్టను మట్టి కుప్పతో సమానంగా చూడడం సరికాదని, 1కి 2 ఉండాలని నా అభిప్రాయం. స్థలం చాలదన్నారు, ఒప్పుకున్నాను. అసలు పొరపాటు మరొకటి: పాత గుట్ట వాలు మీద మెట్లు కోయకుండానే కొత్త మట్టి పోశారు. గడ్డి వేళ్లతో ఉన్న పాత నేలకూ, మొరానికీ మధ్య అతుకు ఎక్కడా లేదు. ఎగువన నీటిని మళ్లించే కాలువను చివరి బిల్లు నాటికి తవ్వుదామని వాయిదా వేశారు.

జూలైలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు ఉదయం కట్ట అంచుకు మీటరున్నర లోపల, అంచుకు సమాంతరంగా, రెండు వేళ్లు పట్టే పగులు కనిపించింది. అందులో నీరు నిలిచి ఉంది. మట్టిని కింది నుంచి పట్టి ఉంచాల్సిన శక్తి తగ్గుతుండగా, పగుల్లోని నీరు దానికి తోడుగా బయటికి నెడుతోందన్న మాట. లారీలు ఆపించి, పగులుకు రెండు పక్కలా మేకులు దిగగొట్టి, వాటి మధ్య దూరాన్ని ఉదయం, సాయంత్రం టేపుతో కొలిచాము. పగులును బంకమట్టితో పూడ్చి పైన టార్పాలిన్ కప్పి, ఎగువన వెడల్పాటి కాలువను రాత్రికి రాత్రే తవ్వాము. కట్ట అడుగున, నీటిని వదిలి మట్టిని ఆపే కంకర ఫిల్టరు పరిచి, దానిపై పెద్ద బండరాళ్లను గుట్టలా పేర్చాము. చెరువుకట్టలకు రివిట్‌మెంటు (రాతి పరుపు) వేసే ఊళ్లవారికి ఈ రాళ్ల పని చెప్పనక్కర్లేదు. వారే మమ్మల్ని ఆదుకున్నారు.

ఆ కట్టను సగం తీసి మళ్లీ కట్టేటప్పుడు మేస్త్రీ ఒక పరీక్ష చూపించాడు. మొరాన్ని గుప్పిట పిసికి ముద్ద చేసి, నడుమెత్తు నుంచి వదిలాడు. "చూడండి సార్, మూడు ముక్కలైంది. ఇగ రోలరు ఎక్కియ్యొచ్చు" అన్నాడు. పొడిగా రాలితే ట్యాంకరు నీళ్లు కావాలి, పకోడీ పిండిలా అతుక్కుంటే ఆరబెట్టాలి. ఇసుకతో కొలిచే సాంద్రత పరీక్ష ఎలాగూ చేస్తాము, ప్రతి పొరలోనూ ప్రయోగశాలలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం రావాల్సిందే. అయినా ట్రిప్పు దిగిన క్షణాన ఆ ముద్ద చెప్పేది ముందే తెలుస్తుంది. పొర మందం 20 సెంటీమీటర్లు దాటనివ్వలేదు. కట్ట అంచు అరమీటరు అదనంగా నింపి, అణచిన తరువాత చెక్కించాము, ఎందుకంటే రోలరు అంచు దాకా రాదు, ఆ చివరి అరమీటరే ముందుగా జారుతుంది.

బొగ్గు యార్డులో మూత వేసిన పైపు కాలువలు నిలవవు. బొగ్గు చూర వాటిని ఒక్క సీజనులో పూడ్చేస్తుంది. నేలకు 100కు 1 వాలు ఇచ్చి, పార పట్టేంత వెడల్పున తెరిచిన కాలువలు పెట్టి, చివర చూర దిగే గుంత కట్టడమే మాకు పనికొచ్చింది. వాలు ముఖాన వట్టివేరు నాటాము, మొదటి ఏడాది పెద్దగా నిలబడలేదు, రెండో ఏడాది పట్టింది.

ఆ కట్ట ఇప్పుడు కదలడం లేదు. కాని వాన కురిసిన ప్రతిసారీ అడుగున ఫిల్టరు నోటి దగ్గర కూర్చుని, వచ్చే నీరు తేటగా ఉందా, మట్టి రంగులో ఉందా అని గ్లాసులో పట్టి చూస్తాను.