మా అమ్మాయికి ఊరు హామ్‌ట్రామిక్‌లో దొరికింది

అమెరికాలో డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే లయన్స్ తెలుసు, బాస్కెట్‌బాల్ ఆడే పిస్టన్స్ తెలుసు. సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరైనా మాట కలిపితే బదులివ్వడానికి సరిపడా తెలుసు. సాకర్ (ఇండియాలో మనం ఫుట్‌బాల్ అనేది) ఆడే డెట్రాయిట్ సిటీ ఎఫ్‌సీ అంటే మాత్రం "అదేంటి, మెస్సీ ఆడే లీగేనా?" అని అడుగుతారు. కాదండీ, అది ఎమ్మెల్లెస్ (మేజర్ లీగ్ సాకర్), ఇది దాని కింద ఉండే యూఎస్ఎల్ ఛాంపియన్‌షిప్, రెండో డివిజన్ అని చెప్తే "ఓహో" అని పప్పు గిన్నె అందుకుంటారు. ఫస్ట్ ర్యాంకు తప్ప ఇంకేదీ లెక్కలోకి రాని ఇళ్ళలో పెరిగాం. బడి రేటింగ్ చూసి ఇల్లు కొనుక్కున్నాం. అలాంటివాళ్ళం రెండో డివిజన్ జట్టు కోసం శనివారం సాయంత్రం మేముండే శివారు ఊరు నోవై నుంచి, ఆ జట్టు ఆడే హామ్‌ట్రామిక్ దాకా కారేసుకుని వెళ్తున్నామంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది.

పైగా మా అమ్మాయి గొప్ప ప్లేయరేమీ కాదు. ఊళ్ళో సరదాగా ఆడే రెక్ లీగ్‌లో ఆడింది, ఊళ్ళు తిరిగి పోటీలాడే ట్రావెల్ టీమ్‌కి ఎంపిక కాలేదు. ఆ ఫీజులు, వారాంతం హోటళ్ళు తలుచుకుని మేం లోలోపల సంతోషించాం కూడా. అయితే దాని రెక్ లీగ్ కోచ్ ఒకసారి పిల్లలందర్నీ డెట్రాయిట్ సిటీ మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి మొదలైంది. పిల్లలు ఏం చేసినా "కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా" అని చూడటం మా చుట్టూ అందరికీ అలవాటు. కూచిపూడి పనికొస్తుంది, స్పెల్లింగ్ బీ పనికొస్తుంది, చివరికి చెస్ కూడా పనికొస్తుంది. గ్యాలరీలో నిలబడి అరవడం ఎందుకూ పనికిరాదు. నాకు అది నచ్చడానికి సగం కారణం అదే.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు మా పిల్లల్ని మొదట అడిగేది "మీదే ఊరమ్మా?" అని. అమ్మాయి "నోవై" అంటుంది. "అది కాదమ్మా, అసలు ఊరు" అంటారు. అప్పుడు అది నా మొహం చూస్తుంది. నేను సికింద్రాబాద్ అంటాను, మా ఆయన కొవ్వూరు అంటాడు. అవి మా ఊళ్ళు, సెలవుల్లో అది చుట్టపుచూపుగా వెళ్ళే చోట్లు. పోనీ నోవై దాని ఊరా అంటే, మంచి బళ్ళున్నాయి, వెడల్పాటి రోడ్లున్నాయి, వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. పని లేకుండా నలుగురూ పోగయ్యే చోటే లేదు.

హామ్‌ట్రామిక్ అలా ఉండదు. చుట్టూ డెట్రాయిట్, మధ్యలో రెండు చదరపు మైళ్ళ చిన్న ఊరు. కార్ల ఫ్యాక్టరీల రోజుల్లో పోలండ్ వాళ్ళు వచ్చి కట్టుకున్నారు. ఇప్పుడు యెమెన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు ఎక్కువ. చర్చి గంటలు వినపడే వీధిలోనే మసీదు మైకులోంచి అజాన్ కూడా వినపడుతుంది. 2004లో ఊరి కౌన్సిల్ దానికి అనుమతిస్తే దేశమంతా పెద్ద గొడవైంది. సికింద్రాబాద్‌లో పెరిగినదాన్ని, నాకది వింతగా అనిపించలేదు సరికదా, కారు దిగగానే ప్రాణం కుదుటపడింది. కోనంట్ వీధిలో బంగ్లాదేశీ కొట్లలో ఇలిష్ చేప దొరుకుతుంది. మా ఆయన మ్యాచ్‌లకి రావడానికి అసలు కారణం అదే. "గోదారి పులసకి ఇది సాటి రాదు" అని ప్రతిసారీ అంటాడు, ప్రతిసారీ కొంటాడు.

ఆట జరిగేది కీవర్త్ స్టేడియంలో. అది అక్కడి ప్రభుత్వ బళ్ళది. మహా మాంద్యం రోజుల్లో సర్కారు ఉపాధి పనుల కింద కట్టారు. 1936లో ప్రారంభానికి సాక్షాత్తూ ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ వచ్చాడు. తర్వాత పాడుబడింది. డెట్రాయిట్ సిటీ క్లబ్బు 2012లో ఐదుగురు స్నేహితులు మొదలుపెట్టినది, మొదట్లో ఒక హైస్కూలు మైదానంలో ఆడేవాళ్ళు. జనం పట్టక ఇక్కడికి మారదామనుకున్నారు, స్టేడియం బాగుచేయడానికి డబ్బు లేదు. అప్పుడు 527 మంది కలిసి 7,41,250 డాలర్లు పెట్టారు. విరాళం కాదు, క్లబ్బు రాబడిలోంచి తిరిగి తీర్చే పెట్టుబడి. 2016 నుంచి అక్కడే ఆడుతున్నారు. తర్వాత 2020లో, కోవిడ్ టైములో, క్లబ్బులో కొంత వాటాని కూడా అభిమానులకే అమ్మారు.

నేను ఇంకా పేచీ పడుతున్న విషయం ఒకటుంది. నార్తర్న్ గార్డ్ అని వీరాభిమానుల గుంపు. మొహాలకి పుర్రె బొమ్మల్లా రంగులు, డ్రమ్ములు, ఎరుపు పొగ, తొంభై నిమిషాలూ ఆపకుండా పాటలు. ఆ పాటల్లో బూతులు. అవి కూడా మామూలువి కావు. మొదటి ఏళ్ళలో మేం అవతలివైపు, చిన్నపిల్లలున్న కుటుంబాలు కూర్చునే చోట కూర్చునేవాళ్ళం. అక్కడికీ వినపడేవి. హైస్కూల్లో చేరాక అమ్మాయి వాళ్ళ మధ్య నిలబడతానంది. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి వెళ్ళి ఆ గుంపులో వాళ్ళతో మాట్లాడాను. ఒళ్ళంతా పచ్చబొట్లున్న ఒకావిడ, బళ్ళో పిల్లలకి బస్సు నడుపుతుందట, "మీ అమ్మాయిని మేం చూసుకుంటాం" అంది. చూసుకుంటోంది కూడా. ఆ మాటలు ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని షరతు పెట్టాను. రావట్లేదు, కనీసం నాకు వినపడేలా.

ఒక వేసవిలో మా నాన్న ఆర్నెల్లకి వచ్చారు. ఇక్కడికొచ్చే పెద్దవాళ్ళందరిలాగే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నారని మ్యాచ్‌కి తీసుకెళ్ళాం. డ్రమ్ములకి తగ్గట్టు ఆయనా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. "ఏం పాడుతున్నార్రా?" అని అడిగితే, మనవరాలు ఒక్క క్షణం ఆలోచించి "అవతలి గోల్‌కీపర్‌ని ఆశీర్వదిస్తున్నారు తాతయ్యా" అంది. ఇన్నేళ్ళ మనబడి తెలుగు చదువు అక్కరకొచ్చింది.

ఇంటికొచ్చేటప్పుడు కారులో నాన్న హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన జట్టు. దాని కోచ్ రహీమ్ సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి చేర్చాడు. చిన్నప్పుడు గోడెక్కి వాళ్ళ ఆట చూశారట. నా పెళ్ళయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను, ఈ కథలు ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో ఆటంటే క్రికెట్టే. మనవరాలు ఫోన్ పక్కన పెట్టి ఒకటే ప్రశ్నలు. "మరి ఇప్పుడు ఆ టీమ్ ఏది?" అంది. నాన్న జవాబు చెప్పలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిందని నేను గొప్పగా చెప్పాను. ఆ క్లబ్బు కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఈ వార్త విన్నప్పుడు మా అమ్మాయికి నాకన్నా ఎక్కువ కోపం వచ్చింది. యజమాని తలుచుకుంటే జట్టు ఊరు వదిలి వెళ్ళిపోవడం అమెరికాలో పాత జబ్బే. పక్క రాష్ట్రం ఒహాయోలో కొలంబస్ క్రూ అనే ఎమ్మెల్లెస్ జట్టుని టెక్సస్‌కి తరలించబోతే అభిమానులు పోరాడి ఆపుకున్నారు.

ఆ కొలంబస్ క్రూ 2022 ఏప్రిల్ 19న కీవర్త్‌కి వచ్చింది. యూఎస్ ఓపెన్ కప్, పై డివిజన్లూ కింది డివిజన్లూ తలపడే నాకౌట్ పోటీ. క్రూ అంతకు రెండేళ్ళ ముందే ఎమ్మెల్లెస్ కప్ గెలిచిన జట్టు. డెట్రాయిట్ ఆ ఏడాదే రెండో డివిజన్లోకి వచ్చింది. మంగళవారం రాత్రి, ఎముకలు కొరికే చలి, మర్నాడు అమ్మాయికి మ్యాథ్ టెస్టు. నేను వద్దన్నాను, మా ఆయన తీసుకెళ్ళాడు. 2-1తో గెలిచారు. అర్ధరాత్రి గొంతు పోగొట్టుకుని వచ్చి, నన్ను లేపి, మాట రాక చేతులతో స్కోరు చూపించింది. టెస్టు సంగతి నేను అడగలేదు, అది చెప్పలేదు.

మా అబ్బాయికి ఇదేమీ పట్టదు. వాడికి ప్రీమియర్ లీగ్, అదీ టీవీలో. చెల్లి అభిమానం చూసి "పైకి రాలేని జట్టు" అని ఏడిపిస్తాడు. వాడి మాటలో కొంత నిజముంది. ఇంగ్లండ్‌లో కింది డివిజన్లో గెలిచిన జట్టు పైకి వెళ్తుంది. ఇక్కడ ఎమ్మెల్లెస్‌లోకి వెళ్ళాలంటే గెలుపు చాలదు, వందల మిలియన్ల డాలర్లు కట్టగల యజమాని కావాలి. 2025 మార్చిలో యూఎస్ఎల్ క్లబ్బుల యజమానులు తమ లీగుల మధ్యనైనా పైకీ కిందికీ దారి తెరవాలని ఓటు వేశారు. ఆ సంగతి చెల్లెలు భోజనాల దగ్గర గంటసేపు వివరించింది. వాడు సగంలో లేచి వెళ్ళిపోయాడు.

కొత్త స్టేడియం కూడా వస్తోంది. డెట్రాయిట్‌లోని కార్క్‌టౌన్ పేటలో, మూతపడ్డ ఆసుపత్రి స్థలంలో, దాదాపు 15,000 మంది పట్టేలా, 2027 నాటికి అంటున్నారు. నాకు గుబులుగానే ఉంది. జనం పెరిగితే టికెట్ ధర పెరుగుతుంది, కోనంట్ వీధి చేపల కొట్టు దారి తప్పిపోతుంది. అమ్మాయి మాత్రం అప్పుడే లెక్కలు వేసుకుంది. పదకొండో తరగతిలో ఉంది, కాలేజీలో చేరేదీ 2027లోనే. మా స్నేహితుల పిల్లలందరూ ఆన్ ఆర్బర్‌లో ఉన్న మిషిగన్ యూనివర్సిటీ అంటుంటే ఇది డెట్రాయిట్‌లోనే ఉన్న వేన్ స్టేట్ యూనివర్సిటీ అంటోంది. కారణమేంటని కౌన్సెలర్ అడిగితే కోర్సుల పేర్లు చెప్పిందట. స్టేడియానికి ఎంత దగ్గరో మ్యాప్‌లో నేను కూడా చూశాను. ఇంట్లోనే ఉంటే హాస్టల్ ఖర్చు కూడా ఉండదు, కాబట్టి ప్రస్తుతానికి నేనేమీ అనట్లేదు. వాళ్ళ నాన్న మాత్రం ఆన్ ఆర్బర్ అప్లికేషన్ కూడా పెట్టించే పనిలో ఉన్నాడు.