మిర్రర్స్ ఎడ్జ్‌లో కిందకి చూస్తే కాళ్ళుంటాయి

ఫస్ట్ పర్సన్ గేముల్లో, అంటే పాత్ర కళ్ళతోనే అంతా చూసేవాటిలో, చాలావరకు మనకి ఒళ్ళంటూ ఉండదు, చేతులుంటాయి, చేతుల్లో గన్ను ఉంటుంది, అంతే, కిందకి చూస్తే నేల తప్ప ఏం కనపడదు. 2008లో స్వీడన్ వాళ్ళు, అదే బ్యాటిల్‌ఫీల్డ్ తీసే డైస్ స్టూడియో, మిర్రర్స్ ఎడ్జ్ తెచ్చినప్పుడు నేను ముందు పడిపోయింది దానికే. మనం ఆడే అమ్మాయి ఫెయిత్ పరిగెడుతుంటే కింద కాళ్ళు కనిపిస్తాయి, స్పీడ్ పెరిగేకొద్దీ చేతులు ఊగుతాయి, ఊపిరి మారుతుంది, పైనుంచి పడుతున్నప్పుడు చెవుల్లో గాలి హోరు పెరిగి పెరిగి చివర్లో ఒక దెబ్బ సౌండ్ వస్తుంది చూడండి, హెడ్‌ఫోన్స్‌లో వింటే ఇప్పటికీ నా మోకాళ్ళు జివ్వుమంటాయి.

అసలు నన్నడిగితే పార్కూర్ గేముకి, అంటే గోడలూ మేడలూ దూకుతూ పరిగెత్తే గేముకి, దూకడం కంటే దిగడం ముఖ్యం. దూకడం ఏ గేమ్‌లోనైనా ఉంది. ఇందులో ఎత్తునుంచి దూకాక నేల తాకే ముందు కరెక్టు టైంకి బటన్ నొక్కితే ఫెయిత్ దొర్లి లేచి అదే స్పీడ్‌లో వెళ్ళిపోతుంది, కొంచెం లేటయిందా, దెబ్బ తగిలి ఆగిపోతుంది, మళ్ళీ మొదట్నుంచి స్పీడ్ అందుకోవాలి. చచ్చిపోతామన్న భయం కాదు అది, వచ్చిన ఊపు పోతుందేమోనన్న టెన్షన్. కంట్రోల్స్ కూడా ఎంత సింపుల్ అంటే పైకి వెళ్ళే పనులన్నిటికీ ఒక బటన్, కిందకి వెళ్ళే పనులన్నిటికీ ఇంకో బటన్, మిగతాదంతా టైమింగే.

ఇంక ఆ ఎరుపు. తెల్లటి ఊళ్ళో దారి చూపించే పైపో తలుపో మనం దగ్గరికొచ్చేసరికి ఎర్రగా మారుతుంది, దాంతో మ్యాప్ వంక చూసే పనే లేదు. స్క్రీన్ మధ్యలో చిన్న చుక్క ఒకటి ఉంటుంది, అది గురి పెట్టుకోడానికి కాదు, కళ్ళు తిరగకుండా పెట్టింది! (మా ఇంట్లో ఒకరికి అయినా తిరిగాయి, అది వేరే సంగతి.) దీనికి సోలార్ ఫీల్డ్స్ అనే ఆర్టిస్ట్ ఇచ్చిన మ్యూజిక్ గురించి రాయడం మొదలెడితే ఈ పోస్ట్ అవ్వదు.

కథ మాత్రం సోసోనే, పోలీసులతో ఫైట్లయితే చిరాకు. 2016లో ఇదే సిరీస్‌లో రెండో గేమ్ క్యాటలిస్ట్ వచ్చినప్పుడు గన్స్ మొత్తం తీసేశారు, అది మంచి పనే, కానీ గిర్రున వెనక్కి తిరగడం లాంటి మామూలు మూవ్స్‌ని కూడా అప్‌గ్రేడ్స్‌లో దాచిపెట్టారు, పాత గేమ్‌లో మొదట్నుంచీ చేతిలో ఉన్నవాటికి మళ్ళీ పాయింట్లు కట్టమంటే ఒళ్ళు మండదా.

టైటన్‌ఫాల్ 2 అనే షూటింగ్ గేమ్‌లో గోడ మీద పరిగెడితే స్పీడ్ ఇంకా పెరుగుతుంది, సూపర్ సరదా, కానీ బరువనేది తెలీదు. బరువు తెలిసింది మళ్ళీ జాంబీల గేమ్ డైయింగ్ లైట్‌లోనే, 2015లో వచ్చిన మొదటిది. పగలు ఆ గేమ్‌లోని హర్రాన్ ఊరి మేడల మీద చెత్త సంచుల కుప్ప ఎక్కడుందో చూసుకుని దాని మీదకి దూకుతూ హాయిగా తిరుగుతాం, చీకటి పడ్డాక వోలటైల్స్ అనే రాత్రి జాంబీలు వెంటపడితే అదే మేడలు, అదే గోడలు, కానీ చెయ్యి వణుకుతుంటే ఒక్క అంచూ సరిగ్గా అందదు. పరిగెడుతూనే వెనక్కి చూడ్డానికి ఒక బటన్ ఇచ్చారు దాంట్లో. నొక్కకూడదని తెలుసు, నొక్కితే ముందున్న గోడ కనపడదు, అయినా ఎవడైనా నొక్కుతాడు.

ఇవేవీ ఆడనివాళ్ళు మాత్రం మిర్రర్స్ ఎడ్జ్ మొదటిదే తీసుకోండి, సేల్స్‌లో చాలా తక్కువకి వస్తుంటుంది. కథ అయిపోయాక ఆపేయకండి, టైం ట్రయల్స్ ఆడండి, పోలీసులుండరు, డైలాగులుండవు, ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ పరిగెడుతూ ఎక్కడ అర సెకను మిగులుతుందా అని వెతుక్కోవడమే, నాకైతే అసలు గేమ్ అదే.