వేరు కాలువలో ఏ సిమెంటు నింపితే తొందరగా మానుతుంది?

శ్రీకాకుళంలో పంటి వైద్యం చేస్తున్న నన్ను, ఆమదాలవలస నుంచీ నరసన్నపేట నుంచీ వచ్చేవారు రూట్ కెనాల్ అనగానే తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "లోపల ఖరీదైన సిమెంటు పెడితే తొందరగా మానుతుందా అండీ?" డబ్బు కూడబెట్టుకుని వచ్చిన మనిషి ఆ మాట అడగడం న్యాయమే కనుక వివరంగా రాస్తున్నాను.

పంటి నరం చచ్చి సూక్ష్మజీవులు వేరు కాలువలో, అంటే పంటి వేరు లోపల నరం ఉండే సన్నని దారిలో, చేరితే, వేరు కొస చుట్టూ దవడ ఎముక కరిగి, ఎక్స్‌రేలో నల్లని మచ్చగా కనిపిస్తుంది. 1965లో కకెహాషి అనే పరిశోధకుడి బృందం ఎలుకల పళ్లకు రంధ్రం చేసి నరం బయటపడేలా వదిలేస్తే, సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెరిగిన ఎలుకల్లో అది బతికింది, మామూలు ఎలుకల్లో కుళ్లిపోయింది. అందువల్ల కాలువను ఫైళ్లనే సన్నని గరుకు సూదులతో గీకి, సూక్ష్మజీవులను చంపే సోడియం హైపోక్లోరైటు ద్రావణంతో ఓపికగా కడగడమే వైద్యంలో అసలు భాగమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ శుభ్రతను నిలబెట్టడమే నింపే పదార్థం పని.

కాలువలో ఎక్కువ చోటును ఆక్రమించేది గట్టా పెర్చా పుల్ల. ఆగ్నేయాసియా చెట్ల పాల నుంచి వచ్చే పదార్థానికి జింక్ ఆక్సైడ్ కలిపి దాన్ని తయారుచేస్తారు. ఖరీదులో తేడా ప్రధానంగా దాని చుట్టూ సందులు పూడ్చే సీలరు అనే సిమెంటు దగ్గర వస్తుంది. పాత రకమైన జింక్ ఆక్సైడ్ యూజినాల్ సీలరులోని యూజినాల్, పంటినొప్పికి మన పెద్దలు అదిమి పెట్టే లవంగంలో ఉన్నదే; అది సూక్ష్మజీవులను అణచినా, వేరు కొస దాటి బయటికి వస్తే కణజాలాన్ని కొంత రేపుతుంది. ఎపాక్సీ రెసిన్ సీలరు గోడలకు బాగా అంటుకుంటుంది, తేలికగా కరగదు. బయోసెరామిక్ అనే కాల్షియం సిలికేట్ సీలరు తడిలోనే గట్టిపడి, క్షారగుణంతో ఉండి, కణజాల ద్రవాలు తగిలినప్పుడు ఎముక ఖనిజాన్ని పోలిన పొరను ఏర్పరుస్తుంది. దీనికి ముందు తరమైన ఎంటీఏ (మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్) అనే సిమెంటును 1993లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో తొరాబినెజాద్ బృందం పరిచయం చేసింది. వేరుకు రంధ్రం పడినప్పుడూ, చిన్నపిల్లల్లో వేరు కొస ఇంకా మూసుకోనప్పుడూ ఈ రకం పదార్థాల విలువ చాలా గొప్పది. మామూలు కాలువల్లో మాత్రం, శుభ్రం బాగా జరిగితే, రెసిన్‌తోనైనా బయోసెరామిక్‌తోనైనా ఎముక మానడంలో చెప్పుకోదగ్గ తేడా పరిశోధనల్లో కనబడలేదు. పైగా మళ్లీ వైద్యం అవసరమైతే గట్టిపడిన బయోసెరామిక్‌ను తీయడం కష్టం.

నొప్పి సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది, కాని ఎముక నెలల తరబడి నిండుతుంది. ఏడాదికి మచ్చ చిన్నదైతే మానుతున్నట్టే; పూర్తిగా పోవడానికి నాలుగేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు, షుగరు అదుపులో లేనివారిలో మరీ ఆలస్యం కావచ్చు. సిమెంటు మీద వెచ్చించాలనుకున్న అదనపు డబ్బును, నమిలే దంతమైతే, క్యాప్‌కు దాచుకోమని నేను చెబుతాను, ఎందుకంటే పైకప్పు సరిగా లేని పంటిలోకి ఉమ్మితోపాటు సూక్ష్మజీవులు మళ్లీ దిగుతాయి. ఏడాది తరువాత నొప్పి లేకపోయినా ఒక ఎక్స్‌రే తీయించుకోండి, వచ్చేటప్పుడు పాతదాన్ని కూడా తీసుకురండి. రెండూ పక్కపక్కన పెడితేనే మచ్చ తగ్గిందో లేదో తెలుస్తుంది.