మెట్రో అద్దంలోంచి డాబాలు

పొద్దున్నే హైదరాబాద్ జేబీఎస్‌లో మెట్రో ఎక్కి, సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు అద్దం దగ్గరే నిలబడ్డాం, నేనూ మా బామ్మర్దీ. ఇంట్లో బల్ల మీద 1:87 కొలతలో, అంటే అసలు సైజులో 87వ వంతుగా, బొమ్మ రైల్వే స్టేషను, దాని పక్క వీధి కడుతున్నాను. గోడలు బాగానే కుదిరాయి కానీ కప్పులు బోడిగా ఉన్నాయి. బల్ల మీది ఊరిని ఎవరైనా పైనుంచే చూస్తారు కదా, కన్ను ముందు పడేది కప్పు మీదే. విదేశీ కిట్లలో వచ్చే పొగగొట్టాలను ముషీరాబాద్ డాబా మీద పెడితే నవ్విపోతారు.

2020లో మొదలైన ఈ ఎంజీబీఎస్ లైను ఇళ్ల నెత్తిమీంచే పోతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటాక ఫోను తీశాను.

"ఏంది బావా, రైలు చూద్దామని తోల్కొచ్చి మందిళ్ల డాబాలు చూస్తున్నవ్?"

చూడాల్సినవే అవి! చిక్కడపల్లిలో ఒక డాబా మీద, ఎప్పుడో వేయబోయే పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ ఊచలు. తుప్పు కారి పిల్లరంతా ఎర్రబారింది. ఒక ఊచకు ప్లాస్టిక్ సీసా బోర్లించారు. నల్ల ట్యాంకు పొంగినచోట గోడ మీద పాచి చార. మెట్లగది రేకులు లేచిపోకుండా పైన ఇటుకలు. డిష్‌లన్నీ దాదాపు దక్షిణానికో ఆగ్నేయానికో తిరిగి ఉన్నాయి, ఉపగ్రహాలు అటే మరి. బొమ్మ ఊళ్లో డిష్‌లు తలో దిక్కూ చూస్తే ఎక్కడో తేడా కొడుతుంది.

సుల్తాన్‌బజార్‌లో దిగి కోఠిలో మూర వైరు కొన్నాం. లోపలి రాగి పోగు 0.2 మి.మీ. ఉంటుంది, 16 మి.మీ. ఊచకు ఈ కొలతలో అదే దగ్గర. అక్కణ్నుంచి ఆటోలో కాచిగూడ. 1916లో కట్టిన ఆ స్టేషను గుమ్మటాలు ఎదురుగా నిలబడి చూస్తేనే అందం. అలాంటి కప్పు మీద చెత్త పేర్చబుద్ధి కాలేదు, నా స్టేషను కప్పు కూడా శుభ్రంగానే ఉంచుతాను. సామానంతా పక్క వీధి ఇళ్లకే.

ట్యాంకుకు 14 మి.మీ. ఎత్తు చాలు, మార్కర్ పెన్ను మూత కోస్తే వస్తుంది. పిట్టగోడ 10 మి.మీ. కాగితాల పంచింగ్ మిషన్లో రాలే చుక్కను బాల్‌పెన్ను వెనకవైపుతో నొక్కితే గుంట పడి డిష్ అవుతుంది. తుప్పుకు గోధుమ రంగు పొడిని తడి కుంచెతో పైనుంచి కిందికే లాగాలి, అడ్డంగా రుద్దితే మరకలా కాదు, పూతలా కనిపిస్తుంది. సీసా ఒక్కటే ఇంకా కుదరలేదు. పారదర్శకంగా, 3 మి.మీ. పొడవుండాలి. వాడిన రీఫిల్ గొట్టం ముక్క పెట్టి చూడమంటున్నాడు బామ్మర్ది.