పల్లీల లెక్క

మన కాలేజీ పూర్వ విద్యార్థుల సంచిక కోసం కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "రెండు పేజీలు, ఒక ఫోటో, ఆదివారంలోగా" అన్నారు. ప్రిన్సిపాల్ గారి సైకిలు సంగతి రాయొద్దని షరతు కూడా పెట్టారు. అది తీసేస్తే ఫస్టియర్లో ఇంకేం మిగిలింది? అందుకే తిన్నగా సెకండియర్ డిసెంబరుకి, ఫిజిక్స్ ల్యాబ్‌కి వచ్చేస్తున్నాను.

కాంతి విద్యుత్ ఫలితం పాఠం, అంటే కాంతి పడితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం. మాస్టారు రెండు పీరియడ్లు బోర్డు మీద చెప్పి, మన మొహాలు చూసి, సుద్దముక్క పక్కన పడేశారు. "రేపు చూపిస్తాను" అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చుని అయిపోయిన టార్చి బ్యాటరీ కోసింది నేనే. లోపలి నల్లపొడి దులిపి, జింకు డబ్బాని నిలువునా చీల్చి, రోకలితో సాపు చేశాం. తెల్లగా మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్దించారు. పైన పొర ఉంటే ఎలక్ట్రాన్ బయటికి రాదట. నా వేళ్ళు మూడ్రోజులు నల్లగానే ఉన్నాయి.

మర్నాడు ఆ రేకుని విద్యుద్దర్శిని నెత్తిన పెట్టారు. ఆవేశం ఇస్తే అందులోని రెండు బంగారు ఆకులు విచ్చుకుంటాయి, పోతే వాలిపోతాయి. రుణావేశం ఇవ్వాలి. మన హీరో వెనక జేబులోంచి దువ్వెన తీసిచ్చాడు. బంగారు ఆకులు కదిలితే ఒట్టు! పావుకిలో కొబ్బరినూనె ఉంది దానికి. చివరికి ఎబొనైట్ కడ్డీ, అటెండరు మఫ్లరు పరువు కాపాడాయి.

100 వాట్ల బల్బు పెట్టారు. విచ్చుకున్న ఆకులు అలాగే ఉన్నాయి. 200 పెట్టారు. అంతే. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాక మాస్టారు సినిమా నేల టికెట్టు లెక్క తీశారు. టికెట్టంటే ఎలక్ట్రాన్ బయటికి రావడానికి కావలసిన శక్తి, జేబులో డబ్బంటే ఒక్కో కాంతి కణానికి ఉన్న శక్తి. "టికెట్టు రూపాయిరా. జేబులో ముప్పావలా ఉన్నవాళ్ళు వెయ్యిమంది క్యూ కట్టినా ఒక్కడూ లోపలికి పోడు. రూపాయిన్నర ఉన్నవాడు ఒక్కడొస్తే పోతాడు. మిగిలిన అర్ధరూపాయికి పల్లీలు." పబ్లిక్ పరీక్షలో గరిష్ఠ గతిజశక్తి అని రాయాల్సిన చోట 'పల్లీలు' అని రాసొచ్చిన మహానుభావుడే ఈ సంచిక సంపాదకుడు, కాబట్టి పేరు రాయను.

తర్వాత రూపాయిన్నర ఉన్నవాడి కోసం, అంటే అతినీలలోహిత కాంతి కోసం, లైన్‌మేన్‌ని బతిమాలి తెచ్చిన పాదరసం వీధిదీపం. పై బుడ్డిని గోనెసంచిలో చుట్టి పగలగొడితే లోపల క్వార్ట్జ్ గొట్టం. అది వేడెక్కడానికి ఐదు నిమిషాలు. సరిగ్గా వేడెక్కాక కరెంటు పోయింది. వచ్చాక కూడా గొట్టం చల్లారితే తప్ప వెలగదు. ఆ ఖాళీలో మాస్టారు 1887కి వెళ్ళిపోయారు. హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త ఒక నిప్పురవ్వ వెలుగుకి గాజుపలక అడ్డం పెడితే రెండో నిప్పురవ్వ చిన్నదైంది, క్వార్ట్జ్ పెడితే కాలేదు. అతినీలలోహితాన్ని గాజు ఆపేస్తుంది, క్వార్ట్జ్ ఆపదు. 1905లో ఐన్‌స్టీన్ అనే ఒక పేటెంట్ ఆఫీసు గుమస్తా దానికి లెక్క చెప్పాడు. ఆ లెక్క తప్పని తేల్చబోయిన మిల్లికాన్ అనే అమెరికా శాస్త్రవేత్త పదేళ్ళు కష్టపడి ఒప్పని తేల్చాడు. బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు.

నా డ్యూటీ కిటికీ అద్దం. దీపానికీ రేకుకీ మధ్య పట్టుకుని నిలబడ్డాను. నల్లకళ్ళద్దాలు నాకు పెట్టి ఆయన మామూలుగా నిలబడ్డారు. నీలంగా వెలుగు, ఆకులు మాత్రం అలాగే. "తియ్యరా" అన్నారు. తీశాను. రెండు ఆకులూ మెల్లగా వాలడం మొదలెట్టాయి. "పెట్టరా!" ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "తియ్యి!" పూర్తిగా కలిసిపోయాయి. మాస్టారి కళ్ళు రెండ్రోజులు ఎర్రగా ఉన్నాయి.

తర్వాత డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి. ఇరవయ్యేడేళ్ళుగా హైదరాబాదులో ఆస్పత్రుల గామా కెమెరాలు, అంటే రోగి ఒంట్లోంచి వచ్చే గామా కిరణాలతో బొమ్మ తీసే యంత్రాలు, బాగుచేస్తున్నాను. ఒక్కోదానిలో చిన్న మెరుపుని కూడా కరెంటుగా మార్చి పెంచే ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు యాభై అరవై ఉంటాయి. గామా కిరణం తగిలితే స్ఫటికంలో పుట్టే నీలి మెరుపులో ఒక్కో కాంతి కణానికి ఉన్న శక్తి సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టులు. మన జింకు రేకుకి 4.3 కావాలి. గొట్టం లోపల సీసియం కలిసిన పూత ఉంటుంది, అక్కడ టికెట్టు చవక. బయటపడ్డ ఒక్క ఎలక్ట్రాన్ మెట్టుమెట్టుకీ గుద్దుకుంటూ చివరికి పదిలక్షలవుతుంది. హై వోల్టేజి ఆపకుండా మూత తీస్తే గది వెలుగుకే గొట్టం పోతుంది. మూత మీద చెయ్యి వేసిన ప్రతిసారీ నాకు "తియ్యరా" వినిపిస్తుంది.

కొత్త కుర్రాళ్ళకి నేల టికెట్టు తెలీదు. మల్టీప్లెక్సు, పాప్‌కార్న్ అని మార్చుకున్నాను. పోయినేడు కొలంబో వెళ్ళి అక్కడివాళ్ళకీ అదే చెప్పొచ్చాను, మన తెలుగు మీడియం ఇంగ్లీషులోనే. బాగానే అర్థమైంది.

జనవరిలో కలిసినప్పుడు ల్యాబ్ తాళం తీయించండి. విద్యుద్దర్శిని ఉంటే జింకు రేకు నేను తెస్తాను. దువ్వెన మాత్రం హీరోని అడగను. గ్రూపులో ఫోటో చూశాను.