మా మేడ మీద రాజా మిర్చి

మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. శ్రీకాకుళంలో ఇదేమంత చెప్పుకోవాల్సిన సంగతి కాదు, ఏ వీధిలో చూసినా ఒకరిద్దరుంటారు. వాడికి నాగాలాండ్ పోస్టింగ్ పడింది. 2024 సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు అమ్మకి శాలువా తెచ్చాడు, పిల్లలకి వెదురు బొమ్మలు తెచ్చాడు. అక్కనైన నాకు మాత్రం పాలిథిన్ కవర్లో ముడేసిన నాలుగు ఎండు మిరపకాయలు. ఒళ్ళంతా ముడతలు, పొగచూరిన రంగు. "అప్పా, ఇది రాజా మిర్చి. ముక్కు దగ్గర పెట్టకు" అన్నాడు. పెట్టాను. సాయంత్రం దాకా తుమ్ములే.

అస్సాం వాళ్ళు దీన్నే భూత్ జొలోకియా అంటారట. 2007లో గిన్నిస్ బుక్కువాళ్ళు ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపగా దీన్నే ఎక్కించారు. ఘాటుని కొలిచే స్కోవిల్ లెక్కలో పది లక్షలు దాటింది. మన గుంటూరు సన్నం అదే లెక్కలో 35, 40 వేల దగ్గర ఆగుతుంది. తర్వాత కారొలైనా రీపర్ వచ్చింది, 2023లో పెప్పర్ ఎక్స్ వచ్చి దాన్నీ దాటింది. ఎవరు దాటితే మనకేం, గుంటూరు కాయకే నీళ్ళగ్లాసు పట్టుకుని గెంతే పిల్లలున్న ఇల్లు మాది. తినడానికని కాదు, పెంచితే చూడాలనిపించింది.

ఫిబ్రవరిలో ఇరవై గింజలు రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపిన ట్రేలో నాటాను. వారం, రెండు వారాలు, నెల. అమ్మ రోజూ కాఫీగ్లాసు పట్టుకుని మేడెక్కి ట్రే వైపు చూసేది. "ఏటే అమ్మీ, గింజలేసినావా, ఉట్టి మట్టి పెట్టినావా?" నలభై రోజులకి తవ్వి చూశాను. ఉన్న గింజలు మెత్తబడిపోయాయి, చాలావాటి జాడే లేదు. తమ్ముడికి ఫోన్ చేసి తిట్టాను. వాడు పక్కనున్న నాగా కుర్రాణ్ణి అడిగితే అప్పుడు తెలిసింది. అక్కడ కాయల్ని పొయ్యి పైన పొగకి ఆరబెడతారట. ఆ వేడికి లోపల గింజ ఎప్పుడో చచ్చిపోయుంటుంది. దానికితోడు ఆ చలికాలం రాత్రుళ్ళు. ఈ జాతి మిరప మొలవాలంటే మట్టి పగలూ రాత్రీ 25 నుంచి 30 డిగ్రీల మధ్య వెచ్చగా ఉండాలి. అంటే ప్రాణం లేని గింజని చలిలో పెట్టి నలభై రోజులు నీళ్ళు పోశాను.

ఆగస్టు మొదట్లో వాడి స్నేహితుడొకడు సెలవు మీద విజయనగరం వస్తూ, ఆమదాలవలసలో బండి ఆగిన రెండు నిమిషాల్లో కాగితం పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఈసారి ఎండువి కాదు, చెట్టు మీద పండిన కాయలు. ఆరింటిలో రెండు దార్లోనే కుళ్ళాయి. మిగతా నాలుగూ ఆ రాత్రే వంటింట్లో కూర్చుని కోశాను.

చేతికి గ్లవ్స్ లేవు. మిరపకాయ కొయ్యడానికి గ్లవ్స్ ఏమిటి, ముప్ఫై ఏళ్ళుగా కోస్తున్నాం కదా అనుకున్నాను. కోస్తున్నంతసేపూ ఏమీ లేదు. సబ్బుతో కడుక్కుని టీవీ ముందు కూర్చున్న అరగంటకి వేళ్ళ చివర్లు చిటపటలాడాయి. తొమ్మిదింటికల్లా పదివేళ్ళూ పెనం మీద పెట్టినట్టున్నాయి. నీళ్ళలో ముంచితే ఉన్నంతసేపే, తీశాక రెట్టింపు. ఆ కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి అర్ధరాత్రి గుర్తొచ్చి కొబ్బరినూనె దట్టంగా రాసి, గుడ్డతో తుడిచి, గిన్నెల సబ్బుతో కడిగి, మళ్ళీ నూనె రాసి, ఇలా మూడుసార్లు చేస్తే నిద్ర పట్టింది. కళ్ళు నులుముకోకపోవడం నా అదృష్టం. ఇంకో మాట. కారం గింజలో ఉంటుందని మనమంతా అనుకుంటాం. నిజానికి అది గింజలు అంటుకునుండే తెల్లటి పొరలో పుడుతుంది. నేను గోటితో గీకి గీకి తీసింది సరిగ్గా ఆ పొరనే.

గింజల్ని నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి ముప్ఫై ఎంచాను. టీ కాగితం కప్పుల అడుగున కన్నాలు పెట్టి, సగం కోకోపీట్, పావు నాగావళి ఇసక, పావు జల్లించిన పాత గత్తం (పశువుల ఎరువు) కలిపి నింపాను. గత్తం బాగా మాగిందే కావాలి, చేత్తో పిసికితే పేడ వాసన రాకూడదు. అరంగుళం లోపు లోతులో కప్పుకో గింజ. ఆగస్టు ఉక్క ఎలాగూ ఉంది, వేరే వెచ్చదనం అక్కర్లేకపోయింది. పదమూడో రోజు పొద్దున్న ఒక కప్పులో తెల్లటి కొక్కెంలాంటిది పైకి లేచి ఉంది. గింజ తొక్క నెత్తినే ఉంది, టోపీలాగా. ఆ ఒక్కదాన్ని చూడ్డానికి రోజులో ఎన్నిసార్లు మెట్లెక్కానో. ఆఖరిది ఇరవయ్యేడో రోజున వచ్చింది. మామూలు మిరప అయితే వారం పది రోజుల్లో తేలిపోతుంది. మొత్తం పంతొమ్మిది మొలిచాయి.

ఇక వాన. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం మన కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. విజయవాడ మునిగింది ఆ రోజుల్లోనే. వారం తిరిగేసరికి ఇంకొకటి. నేను కప్పులన్నీ లోపలికి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాను. ఎండ లేదు, గాలి లేదు. అయినా రోజూ పొద్దున్నా సాయంత్రం ప్రేమగా నీళ్ళు. ఒకరోజు చూద్దును కదా, నాలుగు మొక్కలు పక్కకి వాలిపోయి ఉన్నాయి. ఆకు పచ్చగానే ఉంది, తల బాగానే ఉంది. మట్టిని ఆనుకున్న చోట మాత్రం కాడ నీరుపట్టి, దారప్పోగంత సన్నమైపోయింది. మర్నాటికి ఇంకో మూడు. అమ్మ వచ్చి కప్పులో వేలు పెట్టి చూసింది. "ఆటికి నీళ్ళోస్తన్నావా, తానం సేయిత్తన్నావా?"

నారుకుళ్ళు. మా తాతయ్య నారుమళ్ళలో ఎప్పుడూ ఉండేదట, ఎత్తుమడి కట్టి నీళ్ళు నిలవకుండా చూసేవాడట. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి మూడు గ్రాముల లెక్కన కలిపి మొదళ్ళు తడిచేలా పోశాను. పైన వేలి మందాన పొడి ఇసక చల్లాను. నీళ్ళు పై నుంచి పొయ్యడం మానేసి, కప్పుల్ని పళ్ళెంలో పెట్టి అడుగునుంచి పీల్చుకోనిచ్చి, పావుగంటకి తీసేయడం మొదలుపెట్టాను. అది కుదురుకునేలోపు ఇంకో నాలుగు పోయి, మిగిలినవి ఎనిమిది. రెండు పక్కింటి వాళ్ళకిచ్చాను.

అక్టోబరు నెలాఖరుకి ఆరాకులొచ్చాయి. రంగుల డబ్బాలు, పెద్దవి, ఇరవై లీటర్లవి, అడుగునే కాక పక్కల్లో కూడా కన్నాలు పెట్టించి, ఎర్రమట్టి, గత్తం, కోకోపీట్ సమానంగా, డబ్బాకో గుప్పెడు వేపపిండి వేసి నాటాను. కార్తీకమాసమంతా అవి ఏపుగా పెరిగాయి. ఆ నెల గురించి చెప్పడానికేమీ లేదు, హాయిగా ఉన్నాను. ఒక మొక్కని కోతి పీకి పారేసింది, అంతే.

డిసెంబరులో చిగుళ్ళు ముడుచుకోవడం మొదలైంది. ఒక ఆకు తెంపుకుని ఎరువుల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన అటూ ఇటూ తిప్పి కూడా చూడలేదు. "తామర పురుగు మేడమ్, ఊరంతా అదే" అని ఒక సీసా చేతిలో పెట్టాడు. మేడ మీద పిల్లలు ఆడుకుంటారని ఆ సీసా మూత తియ్యలేదు. వేపనూనె లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు కలిపి కొట్టాను. వారానికోసారి, రెండు వారాలు. ముడత పెరిగిందే తప్ప తగ్గలేదు.

మా పై వాటాలో నైర వ్యవసాయ కాలేజీలో చదివే అమ్మాయి ఉంది. బట్టలారేస్తూ ఒక ఆకు పట్టుకుని, "ఆంటీ, ఇది పై ముడత కాదు, కింది ముడత" అంది. నాకు రెండూ ఒకటే. ఆ అమ్మాయి రెండు చేతులతో చూపించింది. దోసిలి పట్టినట్టు అంచులు పైకి లేస్తే పై ముడత, అది తామర పురుగు పని. అదే దోసిలి బోర్లించినట్టు అంచులు కిందికి వంగితే, ఆకు కాడ సాగిపోతే, కింది ముడత, అది మొక్కల రసం పీల్చే నల్లి. నావన్నీ బోర్లించిన దోసిళ్ళే. ఫోన్ కెమెరా మీద మా వాడి భూతద్దం ఆనించి ఆకు అడుగు చూస్తే, ఉప్పు రవ్వలకన్నా చిన్నవి కదులుతున్నాయి.

నల్లికి నీటిలో కరిగే గంధకం, లీటరుకి మూడు గ్రాములు. అది విన్నాక నేను ఆగలేదు, ఆ సాయంత్రమే తెచ్చి కొట్టేశాను. మూడో రోజుకి ఆకుల అంచులు మాడి గోధుమరంగుకి తిరిగాయి. నూనె మందు కొట్టిన పదిహేను రోజుల లోపల గంధకం కొట్టకూడదట, రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది. గంధకం పొట్లం మీదే రాసుందని ఆ అమ్మాయి చదివి వినిపించింది. రెండు మొక్కలు చచ్చాయి. మిగిలిన మూడింటికీ ముడుచుకున్న కొసలన్నీ తుంచేసి, రోజూ ఆకుల అడుగున పైపుతో నీళ్ళు జిమ్మి, మూడు వారాలాగి, ఎండ తగ్గాక మళ్ళీ గంధకం కొట్టాను. అప్పుడు లొంగింది.

జనవరి ఆఖర్లో పూత. ఒక్కో కణుపు దగ్గర రెండు మూడేసి పువ్వులు, తలలు కిందికి వేలాడేసుకుని, కాస్త పచ్చరంగు కలిసిన తెలుపు. మన మిరప కణుపుకి మామూలుగా ఒక్కటే పూస్తుంది. పొద్దున్న తొమ్మిదింటప్పుడు కొమ్మని వేలితో రెండుసార్లు తట్టేదాన్ని, పుప్పొడి రాలడానికి. మార్చి రెండో వారానికి మొదటి కాయ ఎర్రబడింది. సరిగ్గా చూడకముందే పిగిలిపిట్ట ఒకటి సగం తినేసి పోయింది. పది లక్షల స్కోవిల్! పిట్టలకి ఈ కారం తెలియదు, గింజల్ని దూరంగా మోసేది అవే కాబట్టి మిరపకి వాటితో పేచీ లేదు. పేచీ కోతితోనే. అది తర్వాత ఒకసారి వచ్చి ఒక కాయ కొరికింది, మళ్ళీ ఇంతవరకు మా మేడ మీద కనపడలేదు.

మూడు మొక్కలకి కలిపి ఇరవైమూడు కాయలు. ఏప్రిల్ ఎండకి మిగిలిన పూతంతా రాలిపోయింది. కొండల్లో నీడలో పెరిగే మొక్క మన మిట్టమధ్యాహ్నాన్ని ఓర్చుకోలేదు, షేడ్‌నెట్ ఇంకో నెల ముందే కట్టాల్సింది.

తమ్ముడు ఫోన్లో చెప్పిన పద్ధతి ఒకటి చేశాం. అక్కడ వాళ్ళు ఈ మిరపని కాల్చి ఎండుచేపతో నూరుకుంటారట. మనకి ఎండు నెత్తళ్ళకి కొదవేమిటి. గుప్పెడు నెత్తళ్ళు వేయించి, నాలుగు టమాటాలు, వెల్లుల్లి, కాయలో పావు ముక్క, ఈసారి చేతికి గ్లవ్స్ వేసుకుని, అమ్మ రోట్లో నూరింది. ఘాటుకన్నా ముందు వాసన వచ్చింది, ఏదో పండు వాసన, పనసకీ నారింజకీ మధ్య. అమ్మ చోడంబలి (రాగి అంబలి) గ్లాసు పక్కన పెట్టుకుని అగ్గిపుల్ల కొసంత నాలిక మీద వేసుకుంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంబలి మొత్తం గటగటా తాగేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "బాగుంది" అంది.

ఒక కొమ్మలో పూతకి దోమతెర ముక్కతో చిన్న సంచి కుట్టి కట్టాను. పక్కనే మామూలు మిరపకుండీ ఉంది, తేనెటీగలు రెండిటి మీదా వాలతాయి, గింజ కల్తీ అవుతుంది. ఆ సంచిలో కాసిన రెండు కాయల గింజలు ఆరబెట్టి, పేరూ తేదీ రాసి డబ్బాలో పెట్టాను. జూన్ మొదటి వానకి డబ్బా వెతికితే కనపడలేదు. అమ్మ దగ్గరుంది.

"ఈపాలి గింజలు నానేత్తాను. నువ్వు నీళ్ళు పొయ్యకు."